చీటీ కింద చీటీ

కోర్టు వార్తలు రాసి రిటైరైన విలేకరిని నేను. చెవి మందగించింది, బుద్ధి మందగించలేదు. ఆ మేరకు డాక్టరు ఇచ్చిన కాగితం జతచేశాను. ఎవరి ఒత్తిడీ లేకుండా రాస్తున్న ఈ వీలునామా నా తదనంతరం అమల్లోకి వస్తుంది. ఇంతకుముందు రాసినవేవీ చెల్లవు. దీన్ని అమలు జరిపే బాధ్యత మా అమ్మాయిది.

1. ఇల్లు, బ్యాంకులో ఉన్నది, సామాను యావత్తూ నా భార్యకు సంపూర్ణ హక్కులతో చెందుతాయి. వంటగదిలోని వెడల్పాటి స్టీలు పళ్లెం మొదటినుంచీ ఆమెదే. పాత అట్టల నుంచి చీటీలు ఊడదీయడానికి నేను ఆక్రమించుకున్నాను. తిరిగి అప్పగిస్తున్నాను.

2. ఆ చీటీల సంగతి. పూర్వం ఇంగ్లండులో గొప్ప ఇళ్లవాళ్లు పుస్తకం ఎవరిదో తెలియడానికి అట్ట లోపల తమ వంశ చిహ్నం అచ్చువేసిన చీటీ అతికించేవారు. వాటిని బుక్‌ప్లేట్లు అంటారు. ముందుగదిలోని బీరువా నిండా ఉన్నవి అవే. మగవాళ్ల చిహ్నం డాలు మీద, ఆడవాళ్లది వజ్రాకారంలో వేసేవారు. యుద్ధానికి వెళ్లేవాళ్లకే డాలని వాళ్ల లెక్క. ఆ లెక్క వేసినవాళ్లు మా ఆవిడను చూడలేదు. పై అరలో పావురం బొమ్మ ఉన్న వజ్రాకారపు చీటీ ఆమెకు.

3. మిగతా సేకరణ, భూతద్దంతో సహా, అమ్మాయికి. తను వాటిని లేబుళ్లంటుంది, అభ్యంతరం లేదు. ఉంచుకోవచ్చు, గ్రంథాలయానికి ఇవ్వొచ్చు, అమ్ముకోవచ్చు. సందు చివరి పాత పుస్తకాల వ్యాపారికి మాత్రం ఒక్కటి కూడా ఇవ్వరాదు. చీటీ కోసం అట్టనే కత్తిరించే మనిషి. పరామర్శకు తప్పకుండా వస్తాడు, కళ్లు బీరువా మీదే ఉంటాయి. కాఫీ ఇచ్చి పంపండి.

4. కింది అరలో నీలం కవరులోని చీటీ మా బావమరిదికి. పుస్తకాల బైండరు. చేతులకు ఎప్పుడూ మైదా జిగురు అంటుకునే ఉంటుంది కనుక ఇంట్లో అందరికీ ‘జిగురు’.

వివరం రికార్డు కోసం రాస్తున్నాను. నేను కొన్న ఒక పాత న్యాయశాస్త్ర గ్రంథం అట్ట ఊడితే బాగుచేయమని అతనికిచ్చాను. లోపలి చీటీ నీళ్లలో నానగానే దాని కింద ఇంకో చీటీ బయటపడింది. కిందిది ఆ పుస్తకం ఆసామి పెళ్లికి ముందు వేయించుకున్నది: డాలు మీద మూడు కొంగలు. పైది పెళ్లయ్యాక వేయించింది: డాలు నిలువునా రెండు భాగాలు, ఒకవైపు కొంగలు, రెండోవైపు భార్య పుట్టింటి చిహ్నమైన ధాన్యపు కంకుల కట్ట. పుస్తకం కొన్నది నేను గనక రెండూ నావే అన్నాను. “నేను నానబెట్టకపోతే కిందిది నీకు కలలోకి కూడా వచ్చేది కాదు బావా” అన్నాడు. మా ఆవిడ తీర్పు చెప్పింది: పైది నాకు, కిందిది తమ్ముడికి. అప్పటినుంచి నీది నాకిచ్చెయ్ అంటే నీదే నాకిచ్చెయ్ అనుకుంటూ ఇద్దరమూ మెట్టు దిగలేదు. రెండు శతాబ్దాలు అంటుకుని ఉన్న జంటను మేం రెండిళ్లలో పెట్టాం.

ఇక నాది కూడా అతనిదే. షరతు ఒక్కటి: రెండింటినీ ఒకే ఫోల్డరులో పక్కపక్కన ఉంచాలి. జిగురు వాడరాదు.

5. సాక్షుల గురించి. నా పెళ్లి రిజిస్టరులోనూ, ఇంటి దస్తావేజులోనూ సాక్షి సంతకం జిగురుదే. ఇవాళ పొద్దున కూడా ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో పెన్నుతో వచ్చాడు. వద్దన్నాను. “నా సంతకం నీకెప్పుడు చేదైంది బావా? మందుల షాపాయన నాకంటే దగ్గరివాడా?” అని కాఫీ సగంలో వదిలేసి వెళ్లిపోయాడు. అక్క పిలిచినా వెనక్కి చూడలేదు.

వీలునామాలో ఏదైనా పొందేవాడు దానికి సాక్షి అయితే, అతనికి రాసింది చెల్లదని వకీలు చెప్పారు. ఆ ముక్క అప్పుడే చెబితే గుట్టు బయటపడేది. ముందు నువ్వు బతుకు, చీటీ సంగతి తర్వాత అని గొడవచేసేవాడు. అలిగితే అలగనీ. రెండ్రోజుల్లో తనే వస్తాడు. రాకపోతే అట్ట చిరిగిన పుస్తకం ఏదో ఒకటి పట్టుకుని నేనే వెళ్తాను. అప్పుడు కూడా చెప్పను.

అమ్మాయీ, మీ మామయ్యకు నాలుగో అంశం కంటే ముందు ఇది చదివి వినిపించు.

2015 నవంబరు 11, బుధవారం.

(సంతకం) విశ్రాంత విలేకరి

నేను సంతకం పెట్టగా చూసి, నా ఎదుటే సంతకాలు చేసిన సాక్షులు:
1. మందుల షాపు యజమాని
2. ఎదురింటి దర్జీ

ఈ ఇద్దరికీ ఇందులో ఏమీ రాయలేదు.