పచ్చమొహం నొక్కిన వేలు

హౌకిసాల్మి,
మే 12, మంగళవారం.

శ్రీయుత ఇల్పో తూరిలా గారి సముఖమునకు,
బాలల శ్రేయస్సు విభాగాధికారి, పురపాలక కార్యాలయం.

అయ్యా,

విషయం: మా బడి వసారాలోని మొహాల పెట్టెను తక్షణం మరమ్మతు చేయవలసినదిగా తమరు మే 5న పంపిన ఉత్తర్వు, సదరు పెట్టెలో మరమ్మతు చేయుటకు ఏమియూ లేకపోవుట గురించి.

కోయివురాంత ప్రత్యేక అవసరాల పిల్లల బడిలో పంతొమ్మిదేళ్ళుగా మరమ్మతు పనులు చూస్తున్న ఓస్మో రీకోలా అను నేను సవినయముగా విన్నవించుకొనునది. మన ఊళ్ళో అధికారులను పేరు పెట్టి పిలవడమే అలవాటు. కానీ తమరిని 'ఇల్పో' అంటూ గత నెలలో రాసిన రెండు ఉత్తరాలకూ జవాబు రాలేదు. అందుచేత ఈసారి 'అయ్యా' అని మొదలుపెట్టి చూస్తున్నాను.

1. సదరు పెట్టెను జనవరిలో తమ ఆఫీసువారు తెచ్చినారు. బిగించినది నేనే. దానికి నాలుగు మొహాల బటన్లు: పకపకా నవ్వే ఆకుపచ్చది, ముసిముసిగా నవ్వేది, మూతి ముడుచుకున్నది, ఏడ్చే ఎర్రది. పైన "ఈ రోజు బడిలో నీకెలా ఉంది?" అని రాసి ఉన్నది. మా బడిలో పిల్లలు ముప్పై ఏడుగురు. చదవగలిగినవాళ్ళు తొమ్మిదిమంది. ఈ సంగతి మనవి చేస్తే, పెట్టె తెచ్చిన అమ్మాయి "మొహాలున్నాయి కదండీ, చదవక్కర్లేదు" అన్నది. ఒక్క పచ్చమొహం నొక్కితేనే 'టింగ్' అని గంట మోగుతుంది. మిగతా మూడూ మూగవి. సంతోషంగా ఉన్నవారికి ధన్యవాదాలు చెప్పుట తమ విభాగపు పద్ధతియట. ఏడుస్తున్నవారికి చెప్పేదేమీ లేదు కాబోలు.

2. మార్చి నెలాఖరున తమ నివేదిక అందినది. మొత్తం 4,118 సార్లు నొక్కినారనియు, అందులో నూటికి తొంభై ఎనిమిది పచ్చమొహమనియు, కావున మా బడి పిల్లలు పరమానందంలో ఉన్నారనియు అందులో సెలవిచ్చినారు. అయ్యా, తమరూ ఈ ఊళ్ళో పుట్టినవారే. ఇక్కడ ఎవరైనా "పర్వాలేదు" అన్నారంటే ఆనందంతో తబ్బిబ్బవుతున్నారని అర్థం. నా పెళ్ళినాడు మా నాన్న అన్న మాట కూడా అదే. అలాంటి ఊళ్ళో నూటికి తొంభై ఎనిమిది పరమానందం వస్తే, యంత్రం చెడిందేమోనన్న అనుమానం తమరికి అప్పుడు రాలేదు. ఇప్పుడు వచ్చింది.

3. సదరు పరమానందం చూసి తమరు తీసుకున్న చర్య ఏమనగా, వారానికి రెండు రోజులు మా బడికి వచ్చే థెరపిస్టు మీర్వాను మరో బడికి పంపుట. అక్కడ ఎర్రమొహం ఎక్కువగా నొక్కినారట. ఉత్తర్వు ఏప్రిల్ ఒకటిన వచ్చింది. నేను వేళాకోళమనుకుని నవ్వినాను కూడా. ఈస్టర్ తరువాత ఆమె నిజంగానే రాలేదు.

మీర్వా చేసే పని తమ కాగితాల్లో ఒక వరుసలో ఉంటుంది. నేను చూసినది చెప్తాను. మా బడిలో హెల్కా అనే పిల్ల ఉంది. తొమ్మిదేళ్ళు. మాట లేదు. ఎవరినీ ముట్టుకోదు. రెండు చేతులూ ఎప్పుడూ పిడికిళ్ళే. గోళ్ళు దిగి అరచేతులు పుండ్లు పడేవి. మంగళవారం, గురువారం మీర్వా ఆ పిల్ల పక్కన నేలమీద కూర్చునేది. హాల్లో నేను వేలాడదీసిన ఉయ్యాలలో ఊపేది. వంటమనిషి కేర్తు ఇచ్చే రై ధాన్యపు పిండిముద్దను ఆ పిడికిలి కింద పెట్టి ఊరికే ఎదురుచూసేది. "తొందరేం లేదమ్మా, నీ చెయ్యి నీ ఇష్టం" అనేది. ఇలా పద్నాలుగు నెలలు. మొదట బొటనవేలు వదులైంది. ఈ జనవరిలో, పెట్టె బిగించిన వారానికి, చూపుడువేలు తెరుచుకుంది.

తెరుచుకున్న వేలు మొట్టమొదట నొక్కినది తమ పచ్చమొహాన్ని. టింగ్ అంది. హాల్లోంచి మీర్వా "వస్తున్నా హెల్కా!" అని పరుగెత్తుకొచ్చింది. వంటింట్లోంచి కేర్తు వచ్చి నిలబడి ఏప్రన్‌తో మొహం తుడుచుకుంది.

"ఏడుస్తున్నావా?" అన్నాను.

"నేనా? ఉల్లిపాయలు తరిగానయ్యా."

"ఇవాళ గంజి కదా."

"అయితే ఏంటట? నువ్వు నీ మరలేవో చూసుకో!"

ఆ రోజునుంచి హెల్కాకి అదే పని. నొక్కేది, టింగ్ మనేది, మీర్వా ఉన్న రోజైతే ఆమె "వస్తున్నా!" అని పలికేది. లేని రోజుల్లో కూడా నొక్కేది. ఇంకా ఎక్కువ నొక్కేది. తమ పరమానందం దాదాపు మొత్తం ఆ ఒక్క వేలిది. వేలు తెరిపించిన మనిషిని, ఆ వేలు నొక్కిందన్న కారణంతో తీసేసినారు. ఇంత తెలివైన పని చేయాలంటే పెద్ద చదువే చదివి ఉండాలి.

4. పై సంగతి ఏప్రిల్‌లో తమ ఆఫీసుకు ఫోనులో చెప్పుకున్నాను. ఎత్తినది పెట్టె తెచ్చిన అమ్మాయే.

"అదంతా ఒక్క పిల్లే నొక్కిందండీ" అన్నాను.

"ఎవరు నొక్కారో మీకెలా తెలుసు?"

"చూశాను. నా గదికి ఎదురుగానే కదా పెట్టె."

"అయ్యో, చూడకూడదండీ! నొక్కినవాళ్ళెవరో ఎవరికీ తెలియకూడదు. గోప్యం."

"మరి ఎవరు ఆనందంగా ఉన్నారో మీకెలా తెలిసింది?"

"అందరూ అండీ. సగటున."

నాలుగు రోజులకు, పెట్టె కనబడకుండా నా బల్లను గోడవైపు తిప్పుకోవలసినదిగా ఉత్తర్వు వచ్చింది. తిప్పుకున్నాను. ఆ గోడకు అద్దం ఉన్నది. దాన్ని గురించి ఉత్తర్వులో ఏమీ లేదు.

5. ఇక మరమ్మతు. ఏప్రిల్ 20 నుంచి మా పెట్టెనుండి ఆనందం అందుటలేదని తమరు రాసినారు. పెట్టె విప్పి చూసినాను. బ్యాటరీ బాగుంది, తీగలు బాగున్నవి, నా వేలితో నొక్కితే టింగ్ మన్నది. ప్రతి బటన్ చుట్టూ చిన్న గట్టు ఉన్నది. వేలు పడుతుంది, పిడికిలి పట్టదు. మీర్వా వెళ్ళిన రెండు వారాలకు హెల్కా వేలు మళ్ళీ లోపలికి పోయింది. అరచేతిలో మళ్ళీ పుండు. ఇప్పుడు రెండు చేతులకూ కట్లు. నేను తాళాలు బాగుచేస్తాను, పంపులు బాగుచేస్తాను, శీతాకాలంలో పగిలిన గొట్టాలు బాగుచేస్తాను. ఇది నా చేతకాదు. చేతనైన మనిషిని తమరు పంపించేసినారు.

6. జూన్ మొదటివారంలో బడి మూస్తారు. ఆగస్టు దాకా పది వారాలు. నేను ముందు ఉత్తరాల్లో ఇది మర్యాదగా రాసినాను, ఇప్పుడు అడుక్కుంటున్నాను. ఈ లోపల మీర్వా రాకపోతే పద్నాలుగు నెలల పనీ పోతుంది. ఆ పిల్లకు మళ్ళీ పద్నాలుగు నెలలు ఎవరిస్తారు? నాకు భయంగా ఉంది.

కావున మీర్వాకు తన పాత మంగళ, గురువారాలు ఈ నెలలోనే తిరిగి ఇప్పించవలసినదిగా ప్రార్థన. ఎర్రమొహాలే కారణం కావలెనంటే, మా బడి సిబ్బంది పదకొండుమందిమీ వంతులవారీగా నొక్కుటకు సిద్ధముగా ఉన్నాము. కేర్తు అయితే గరిటెతో నొక్కుతానంటున్నది.

చిత్తగించవలెను. చిత్తగించుటకు కూడా బటన్ కావలసి ఉంటే, ఒకటి విప్పి పంపగలవాడను.

తమ విధేయుడు (గోడవైపు కూర్చున్నవాడు),
ఓస్మో రీకోలా.

తా.క. ఇది కవరులో పెట్టబోతుండగా హెల్కా నా గదిలోకి వచ్చింది. ఇవాళ మంగళవారం కదా. కట్టుకట్టిన పిడికిలి నా మణికట్టుమీద పెట్టింది. పంతొమ్మిదేళ్ళలో ఏ పిల్లకూ నా చేతితో పని పడలేదు. పెట్టె దాకా తోసుకెళ్ళి నా వేలిని పచ్చమొహం మీద నొక్కించింది. టింగ్. హాలు తలుపువైపు చూసింది. మళ్ళీ నొక్కించింది, మళ్ళీ చూసింది. పదకొండుసార్లు.

ఆ పదకొండూ ఈపాటికి నీ బల్లమీదికి వచ్చే ఉంటాయి. వాటిని ఆనందం కింద రాసుకోకు ఇల్పో. ఆ పిల్ల మనిషిని పిలుస్తోంది. మీర్వాను పంపు.