ప్యాంటు వేసుకున్న కోడలు

మ్జూజు,
జూన్ 1994

ప్రేమగల అత్తమ్మకు,

మీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని నమస్కరిస్తున్నాననుకోండి. నిజానికి ఈ మోకాళ్ళు ఇప్పుడు వంగే స్థితిలో లేవు. ఈ ఉత్తరం పాదిరిగారి భార్య చేత చదివించుకుంటారని తెలుసు. కాస్త గట్టిగా చదవమనండి. మీ అబ్బాయికి కూడా వినబడాలి.

ఆడది సైకిల్ మీద పల్లెలు తిరగలేదని ఆరోగ్యశాఖ ఆఫీసరు నా దరఖాస్తు పక్కన పెట్టబోతే, గురువారం రాజధాని లిలోంగ్వేలో ఇంటర్వ్యూకి కరోంగ నుంచి సైకిల్ మీదే వస్తానని చెప్పాను. ఆయన నవ్వాడు. పరాయివాడు, నవ్వితే నవ్వాడు. మీ అబ్బాయి తన స్నేహితుల ముందు అంతకంటే ఎక్కువ నవ్వాడు. నా కడుపు మంట అదీ. "ప్యాంటేసుకుని మ్జూజు దాటావంటే మీ నాన్న దగ్గరికెళ్ళి నా ఆవుల్ని తోలుకొచ్చుకుంటా" అన్నాడు. మీరు మా నాన్నకు ఓలిగా ఇచ్చిన ఆవులు వెనక్కి వస్తే పెళ్ళి లేనట్టే కదా. అది చాలదన్నట్టు బయల్దేరే పొద్దున గాలి పంపు దాచేశాడు.

దాచితే ఏమైంది? చివేటా కొండ ఎక్కుతుంటే వెనక చక్రం పంక్చరైంది. టమోటాలు అమ్ముకునే ఒకావిడ తన గంప పక్కింటి వాళ్ళకు అప్పగించి, పైదాకా నాతో పాటు సైకిల్ తోసింది.

"ఇంతకీ నువ్వు ఆడదానివా, మగాడివా?"

"చూస్తే తెలీట్లేదా పిన్నీ?"

"నడుం పైన ఆడదానివే. కిందే నాకు అనుమానం!" అని తనే పడీపడీ నవ్వింది. కొండ మీద పంక్చర్లు వేసే తమ్ముణ్ణి నిద్రలేపి బాగుచేయించింది. ఆ పూట వాళ్ళింట్లోనే ఎండుచేపల కూరతో మొక్కజొన్న న్సిమా ముద్ద తిన్నాను. ఆవిడ పేరైనా అడగలేదు.

రేపు మ్జూజు దాటుతున్నాను. ఈ ముక్క రెండుసార్లు చదివించండి.

మీ కోడలు
టుసెకిలే

లిలోంగ్వే

అత్తమ్మా,

చికంగావా అడవి దాటాక ఒక ఊళ్ళో ఏడుపులు వినిపించాయి. చావింటి ముందు సైకిల్ దిగకుండా పోయేవాడు మనిషి కాడని మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. దిగితే ప్యాంటుతో నిలబడాలి. నడుముకు చుట్టుకోవాల్సిన చిటెంజె గుడ్డను, బరువెందుకని, సంచితో పాటు ముందే బస్సులో పంపేశాను. నా బుద్ధి గడ్డి తింది. అయినా దిగాను.

"ప్యాంటేసుకుని పీనుగు దగ్గరికొస్తావా? ఏ తల్లి కన్నదే నిన్ను!" అంది ఒక ముసలమ్మ. ఆడవాళ్ళంతా మొహాలు తిప్పుకున్నారు. అంతలో చనిపోయినావిడ కూతురు లేచొచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయి ఉన్నాయి. తన నడుముకున్న రెండు గుడ్డల్లో ఒకటి విప్పి నాకు చుట్టింది.

"మా అమ్మ కోసం దిగింది. కూర్చోనీండి" అంది.

అప్పుడు ఏడ్చాను అత్తమ్మా. ఆ చనిపోయినావిడ కోసం కొంత, నా కోసం కొంత. తర్వాత లేచి అందరితో పాటు పెద్ద కుండల్లో ముద్ద కలిపాను. తిట్టిన ముసలమ్మే నా పక్కన కూర్చుని, "చేతులు మాత్రం ఆడవే" అంది. మర్నాడు పూడ్చిపెట్టేదాకా కదల్లేదు. బయల్దేరుతుంటే ఆ ఇంటి మగవాళ్ళు సైకిళ్ళు తీసి పెద్దరోడ్డు దాకా తోడొచ్చారు. గురువారం దారిలోనే పోయింది.

శుక్రవారం ఆఫీసులో అడుగుపెట్టగానే ఆఫీసరు మొదలుపెట్టాడు. "నిన్న రమ్మంటే ఇవాళ వస్తావా? బుద్ధిగా బస్సెక్కితే ఏం పోయేది?"

"దారిలో చావు. దిగాను" అన్నాను.

ఆయన నా బూట్ల మీది దుమ్ము వంక చూశాడు. "దిగకుండా వచ్చుంటే, రేపు పల్లెల్లో నిన్ను ఎవరూ ఇంట్లోకి రానిచ్చేవాళ్ళు కాదు" అని గొణిగి ఉద్యోగం కాగితం మీద సంతకం పెట్టాడు. కసుంగు దగ్గరి పల్లెలు నావి. వచ్చే నెల నుంచి.

మీ అబ్బాయిని క్షమించమని మాత్రం అడగను. ఆవులు వెనక్కి వచ్చేస్తే సూటిగా రాయించండి, ఇటు నుంచి ఇటే కసుంగు పోతాను. మొగుడు పోతాడని కాదు నా దిగులు. అత్తమ్మ పోతుందేమోనని.

టుసెకిలే

కరోంగ

అమ్మాయీ టుసెకిలే,

నేను చెబుతుంటే పాదిరిగారి భార్య రాస్తోంది. తప్పులుంటే ఆవిడవి, తిట్లుంటే నావి.

నీ మొదటి ఉత్తరం గట్టిగానే చదివించాను. వీధి వీధంతా విన్నది. వాడికి రోషం పొడుచుకొచ్చి ఆవుల కోసం మీ నాన్న దగ్గరికి బయల్దేరాడు. ఒక్కణ్ణి పంపిస్తానా? నేనూ వెంట పడ్డాను. మీ నాన్న పెద్దమనుషుల్ని పిలిచాడు. వాడు "నా ఆవులు, నా ఆవులు" అని గుండెలు బాదుకున్నాడు. అందరి ముందూ అడిగాను. "ఒరే, నువ్వు ఏ రోజన్నా ఒక దూడనైనా కొన్నావా? అవి మీ అక్క పెళ్ళికి మనింటికొచ్చిన ఆవులు. అక్కని ఇచ్చి తెచ్చుకున్నవి, ఈ పిల్ల కోసం ఇచ్చాం. నీకు ఆవులు కావాలంటే ఆ పెళ్ళీ తెంచాలి, ముందు వెళ్ళి మీ బావనడుగు, తన నలుగురు పిల్లల్నీ వాళ్ళ తల్లినీ మనకి అప్పజెప్పమని. ఆయన ఏమంటాడో విని అప్పుడు రా!"

పెద్దమనుషులు నవ్వు ఆపుకోలేకపోయారు. మీ నాన్నయితే కంట నీళ్ళు పెట్టుకుని మరీ నవ్వాడు. ఆవులు ఎక్కడివక్కడే మేస్తున్నాయి.

అప్పటి నుంచి వీడు మూతి ముడుచుకుని కూర్చున్నాడు. పెళ్ళాం వచ్చి కాళ్ళు పట్టుకుంటుందనుకుంటున్నాడు. నువ్వు ఇటు రావద్దు, నీ ఉద్యోగంలో చేరు. కసుంగులో ఇల్లు చూసుకో, గదులు రెండుండాలి. సోమవారం బస్సుకి నేనే అక్కడికి వచ్చేస్తున్నాను.

మరి వాడో అంటావా? వాడికి పెళ్ళాం కావాలంటే సైకిలెక్కి రమ్మను.

అత్తమ్మ