నీలం రంగు వేసిన మాటలు

నవంబరు 3, సోమవారం

ఒళ్లు మండిపోతోంది. ఒక్క పాటా పలకడం లేదు.

బడిలో నా ల్యాప్‌టాప్ మీద చేసిన వాచకం ఫైలు విద్యాశాఖ ఆఫీసు వాళ్లకి తెరుచుకోదట. "వర్డ్‌లోకి మార్చండి, అది కూడా మా పాత ఫాంటులో" అన్నారు. సరేనని అరకు సంతకి వెళ్లినప్పుడు శ్రీను డీటీపీ షాపులో ఇచ్చాను. ఈరోజు తెచ్చుకున్నాను. పేజీలు చక్కగా ఉన్నాయి. పాటల పేర్లు నీలంగా, కింద గీతతో... నొక్కితే ఆ పాటలు పాడిన సోంబారమ్మ గొంతు రావాలి. నొక్కాను. లేదు. ఇంకోటి. లేదు.

ఒకటో తరగతి పిల్లలకి ఇంట్లో మాట్లాడే కువి భాష తప్ప తెలుగు రాదు. అందుకే కదా ఈ వాచకం — తెలుగు మాట పక్కన వాళ్ల పాట. శుక్రవారం ఆఫీసరు చూస్తారు. పలికితే బడుల ట్యాబుల్లోకి కువి వెళ్తుంది. పలక్కపోతే ఉత్త తెలుగే. ఆయన ముందే చెప్పేశారు.

నవంబరు 4

శ్రీను మీద అరిచాను. షాపు నిండా జనం. అయినా అరిచాను.

"అలాగంటారేటి మేడమ్? ఫాంటు మార్సితే నీలం మొత్తం పోనాది. మీరు బాదపడతారని నేనే ఒక్కొక్క మాటా ఎతికి రంగేసినాను. గీత కూడా కొట్టినాను."

రంగేశాడు! ఫాంటు మార్చే సాఫ్ట్‌వేరులో అక్షరాలు వేశాడు, అక్షరాలే బయటికొచ్చాయి. లింకులన్నీ అక్కడే పోయాయి. పోయిన సంగతి తెలియకుండా పైన రంగు. ఆ రంగు లేకపోతే షాపులోనే పట్టుకునేదాన్ని. మనిషి మంచివాడే, అదే నా ఖర్మ. టీ తెప్పించాడు. తాగలేదు.

నవంబరు 5

మళ్లీ మొదటి నుంచి. మాట పట్టుకో, లింకు పెట్టు, పాట చూపించు. పట్టుకో, పెట్టు. కరెంటు పోయింది. వచ్చింది. పోయింది.

మధ్యాహ్నానికి అన్నీ పలికాయి. పెన్‌డ్రైవ్‌లో వేసి హెచ్చెమ్ గారి కంప్యూటరులో పెడితే — మళ్లీ మూగ! లింకు మీద మౌసు ఆన్చి చూశాను. పాట కోసం అది ఇంకా నా ల్యాప్‌టాప్‌లోకే వెళ్తోంది. అక్కడ నా ల్యాప్‌టాప్ ఎక్కడిది?

"పోనీలెండమ్మా, తెలుగొక్కటే ఉండనివ్వండి. ఎలాగూ నేర్చుకోవాలి కదా" అన్నారు హెచ్చెమ్ గారు. ఈయనా అంతే. పళ్లు కొరుక్కుని బయటికొచ్చేశాను.

నవంబరు 6

దొరికింది. వాచకమూ పాటల ఫోల్డరూ ఒకే చోట పెట్టాలి. లింకుల్లో నా ల్యాప్‌టాప్ ఊసు తీసేసి, ఫోల్డరు పేరూ పాట పేరూ మాత్రం ఉంచాలి. ఇంతే! ఇంతమాత్రానికి ప్రాణం తీసింది.

హెచ్చెమ్ గారి దాంట్లో పలికింది. శ్రీను షాపులోనూ పలికింది. పెన్‌డ్రైవ్ స్వయంగా ఆఫీసు ఆపరేటరు చేతికిచ్చాను. రెండూ కలిపే ఉంచండి, విడదీయొద్దు అని చెప్పాను. మళ్లీ చెప్పాను. "తెలుసు మేడమ్" అన్నాడు విసుగ్గా.

నవంబరు 7, శుక్రవారం

సోంబారమ్మ పొద్దున్నే కొండ దిగి వచ్చేసింది. కొత్త చీర, కొప్పులో బంతిపువ్వు. ఆఫీసులో ఆఫీసరు పక్కన కూర్చోబెట్టి ఆవిడ చేతే నొక్కించాను. నొక్కింది. మళ్లీ నొక్కింది. ఫైలు లేదని తెర మీద ఇంగ్లీషులో ఏదో వచ్చింది.

ఆపరేటరు సెలవట. ఫోను చేశాను. "ఫోల్డరు పెద్దది మేడమ్, సారుకి మెయిల్‌లో పోలేదు. అందుకని వాచకం ఒక్కటే పంపాను." పెన్‌డ్రైవ్? బీరువాలో. తాళం? అతని జేబులో.

చెప్పాను కదా! ఆఫీసరు ముందే గట్టిగా అనేశాను. ల్యాప్‌టాప్ బడిలో ఉంది, ఇప్పుడే తెస్తానన్నాను. ఆయన లేచారు. "ఇన్ని ఇబ్బందులుంటే కష్టమండీ. సోమవారం చెప్తాను."

ఇద్దరం జీపు ఎక్కాం. సోంబారమ్మ అడిగింది — "నా గొంతు బాగోనేదనేటి, తీసేసినారు టీచరమ్మా?"

కాదన్నాను. లింకు అన్నాను, ఫోల్డరు అన్నాను, మెయిల్ అన్నాను. తల ఊపింది. నమ్మలేదు. నాకు ఏడుపొచ్చింది, కోపంతోనే.

నవంబరు 8

ఆఫీసరు ఫోను ఎత్తడం లేదు.

బడి తెరిచేసరికి అరుగు మీద సోంబారమ్మ కోడలు. తల దువ్వుకుని, పువ్వు పెట్టుకుని.

"మాయత్త పంపినాది. దాని గొంతు పనికిరానేదట కదా. ఆ పాటలు నన్ను పాడీసి రమ్మన్నాది. బేగి పాడీసి ఎల్పోతాను, పిల్లకి జొరం."

ఏం చెప్పాలి ఈవిడకి? రికార్డు చేయనా? చేస్తే అత్త గొంతు నేనే తీసేసినట్టు. చేయకపోతే ఈవిడ గొంతూ బాగోలేదన్నట్టు.

గొంతు సవరించుకుంటోంది. నేను లోపలికి రమ్మనలేదు. పొమ్మనలేదు. ఆవిడ అరుగు మీదే కూర్చునే ఉంది.