టాంకరు వరుసలో మా పుట్టని మనవరాలు

నల్లబండ కొట్టాల,
కర్నూలు జిల్లా.
మే నెల, 2008.

శ్రీయుత తహసీల్దారు వారి సముఖమునకు, నల్లబండ కొట్టాల నివాసి, ఊరూరా సువార్త కూటములు జరుపు గాబ్రియేలు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా ఊరి టాంకరు వరుసలో నిలబెట్టిన పాతసామాను బొమ్మలను బోగస్ లబ్ధిదారులుగా నిర్ణయించి ట్రాక్టరులో తీసుకొనిపోయినందున, వాటిని, ముఖ్యముగా ఇంకా పుట్టని మా మనవరాలిని, తిరిగి ఇప్పించుట గురించి.

నేను బడికి పోయినవాణ్ణి కాను. గొర్రెలు కాస్తూ ఒక్క లేఖనముల గ్రంథములోనే అక్షరాలు కూడబలుక్కున్నాను. కావున ఈ అర్జీలో చట్టము తక్కువై, వాక్యము ఎక్కువైతే మన్నించవలెను.

1. గత ఎండాకాలంలో తమ శాఖల వారు మా బడి ముందర భూతాపముపై అవగాహన సదస్సు జరిపించిరి. గోడకు తెల్లగుడ్డ కట్టి సినిమా వేసిరి. మంచుకొండలు కరుగుట, నేల బీటలు వారుట, కడకు మన సీమ అంతా ఇసుక దిబ్బలగుట చూపించిరి. పిమ్మట మనిషికొక బిస్కెట్ పొట్లము, నీళ్ల ప్యాకెట్టు పంచి జీపులెక్కిరి. నీనెవె పట్టణానికి కీడు చాటిన ప్రవక్త సైతం, చాటినాక ఊరి బయట కూర్చుని ఏమవుతుందో చూసినాడు. తమవారు భోజనానికి డోన్ పోయినారు. మాకు భయము పంచినారు, దాని విరుగుడు పంచలేదు.

2. ఆ దినము మొదలు నా భార్య జీవమ్మకు నెమ్మది లేదు. మా చేనిలో వేసిన బోర్లన్నీ ఎండిపోయినప్పుడు కూడా ఏడవని మనిషి ఆమె. అన్నం ఎసరుకు నీళ్లు ఖర్చవుతాయని పొయ్యి వెలిగించుట మానినది. మా బిడ్డ ఎస్తేరు తలకు పోసుకుంటే కాలువలో పోయిన నీళ్లను చూసి ఏడ్చినది. ఇంట్లోని చెంబు, గిన్నె, మూకుడు అన్నింటినీ నింపి, గుడ్డ కప్పి, వాటి పక్కనే కూర్చునేది. “ఎస్తేరుకు బిడ్డ పుడితే, ఆ బిడ్డ ఏం తాగుతాది?” అని అడిగేది. ఎస్తేరు ఎనిమిదో తరగతి చదువుచున్నదని ఇందుమూలముగా మనవి.

పట్నం డాక్టరు మాత్రలిచ్చినాడు. మాత్రలకు నిద్ర వచ్చినది, నెమ్మది రాలేదు. నేను ఉపవాసముండి ప్రార్థించితిని. ఎన్నో ఊర్లలో దయ్యాలను గద్దించిన గొంతు ఇది. నా వంటింట్లో కూర్చున్న భయం ఈ గొంతును లెక్కచేయలేదు. పైగా ఆమె, “అరిస్తే గొంతెండుతాది, మళ్లా నీళ్లు తాగాల్సొస్తాది. ఊరికే ఉండు” అన్నది.

3. మా ఊరికి టాంకరు ఏ పొద్దున వచ్చేదీ దేవునికే ఎరుక. అందుచేత ఆడవాళ్లు తెల్లవారగానే ఊరిముందరి బండ దగ్గర బిందెలు వరుసగా పెట్టి కూలికి పోతారు. బిందె లేనిది రాయి పెడుతుంది, చెప్పు పెడుతుంది. పెట్టిన వస్తువు మనిషితో సమానం. జరిపితే జుట్లు పట్టుకొనుటే. ఈ చట్టము తమ ఆఫీసులో రాసి ఉండదు. అయినా మా ఊర్లో తప్పకుండా అమలవుతున్నది ఇదొక్కటే.

4. అట్లుండగా ఒకనాడు జీవమ్మ, అడుగు పగిలిన బిందెను దిబ్బలో వేయబోయి ఆగినది. ఎండిన బోరులోంచి పీకిన కేసింగు పైపు ముక్కను నిలబెట్టి, దాని మీద సొట్టపోయిన చెంబు బోర్లించి తల చేసినది. యూరియా సంచి చీర, చిరిగిన డ్రిప్పు పైపు జడ. సదస్సులో తాగి పారేసిన నీళ్ల ప్యాకెట్లను ఏరి తెచ్చి పైటగా కుట్టి తలమీదుగా కప్పినది. పగిలిన బిందెలో మన్ను నింపి, వేపమొక్క నాటి, ఆ బొమ్మ చంకన పెట్టినది. నడుము ఎత్తు కూడా లేదు.

నేను మండిపడితిని. రూపమేదీ చేసుకోరాదన్నది ఆజ్ఞ. “నా ఇంట్లో విగ్రహమా?” అని కేక వేసితిని. ఆమె తలెత్తకుండా, “ముఖం పెట్టలేదు, చూడు. దండం పెట్టే బొమ్మకు ముఖముంటాది. ఇది లైన్లో నిలబడే బొమ్మ” అన్నది. వేదపండితుల నోళ్లు మూయించినవాణ్ణి, గ్రంథము తెరిచి ఆ ఆజ్ఞను మరల మొదటినుంచి చదువుకొంటిని.

మరునాడు దానిని తీసుకుపోయి వరుస చివర నిలబెట్టినది. మా వీధి నాగక్క బిందె దించి అడిగినది.

“ఏమ్మే జీవమ్మా, ఇదెవురు?”

“మా మనవరాలు.”

“నీకు మనవరాలు యాడుండాదే?”

“ఇంకా రాలేదక్కా. అది వచ్చేపాటికి లైను శానా పొడుగుంటాది. అందుకే ఇప్పుడే నిలబెడ్తాండా.”

“బలే తెలివిదే! పుట్టకముందే లైను పట్టె. నా బిందె జరిపితే మటుకు నీ మనవరాలని గూడా చూడను, జడ పీకుతా!”

“జరపదులేక్కా. రోజూ అందరికన్నా ఎనకనే ఉంటాది.”

నాగక్క నవ్వినది. నవ్వి, నవ్వి, ఆ బొమ్మ పైట సరిచేసి, “నా మనవనికి గూడా ఒకటి చేసియ్యి” అన్నది.

“నేను చెయ్యను, నువ్వే చేసుకో. చేతులు ఆడతాంటే గుండెదడ తగ్గుతాది. దీంట్లో ఉండే మందు అదే.”

ఆ మందు ఊరంతా పాకినది. ఎదురింటి సుంకులమ్మ కాలిపోయిన మోటారు తీగతో తన మనవరాలికి గాజులు చుట్టినది. ఇంటికొక పుట్టనిబిడ్డ ఎండకు కొంగు కప్పుకొని, చంకన వేపమొక్కతో వరుసలోకి వచ్చినది; వాటిలో మనిషెత్తువే ఎక్కువ. టాంకరు పోయినాక ప్రతి ఆడది తన బిందెలోంచి దోసెడు నీళ్లు తీసి ఆ మొక్కలకు పోసేది. అయ్యా, జీవమ్మ మళ్లీ పొయ్యి వెలిగించినది. ఎస్తేరు తలకు తానే నీళ్లు పోసినది. నా ప్రార్థన చేయని పని ఒక పగిలిన బిందె చేసినదని దేవునిముందు ఒప్పుకున్నాను. తమ ముందు ఒప్పుకొనుటకు సిగ్గేమి?

5. పోయిన నెలలో తమ ఇన్‌స్పెక్టరు గారు ఎండ వలన జీపు దిగక, అద్దము దించక, మా వరుసను తనిఖీ చేసిరి. “కొంగు నిండా కప్పుకొని, హారను కొట్టినను పలుకని స్త్రీలు పలువురు గలరు” అని వ్రాసుకొనిరి. తరువాత ఇండ్లలో విచారిస్తే అంతమంది స్త్రీలు లేరు. లేని మనుషులను చూపి ప్రభుత్వ నీటిని కాజేసితిమని తేల్చిరి. ట్రాక్టరు తెచ్చిరి. ఎత్తబోయిన కూలివాడు, “సార్, ఇవి బొమ్మలు సార్” అంటే, ఇన్‌స్పెక్టరు గారు, “బొమ్మలని నాకు కనపడలేదా? రాసింది రాసినాం. ఎక్కించప్పా” అనిరి.

పుట్టనిబిడ్డలను ఒకరి మీద ఒకరిని పడేసి ఎక్కించినారు. నాగక్క ట్రాక్టరు వెంబడి పరుగెత్తి మన్ను ఎత్తిపోసి తిట్టినది. ఆ తిట్లు అర్జీలో వ్రాయదగినవి కావు. జీవమ్మ ఆ చిన్నది నిలబడిన గుర్తు చెరిగిపోకుండా చుట్టూ రాళ్లు పెట్టినది. అదే నాకు భయమైనది.

6. నేను తమ కార్యాలయమునకు వచ్చితిని. బొమ్మలు రికార్డు గది వెనుక గోడవార పడి ఉన్నవి. గుమస్తా గారు అడిగినది ఇది.

“ఏమప్పా పాస్టరూ, ఇవి మీవేనని రశీదు ఉండాదా?”

“చెత్తకు రశీదు యాడిస్తారు సార్?”

“చెత్త అయితే నీకెందుకు, ఈడనే ఉండనీ. చెత్త కాదంటావా, అప్పుడు బోగస్ మనుషులు, కేసుండాది. రెండిట్లో ఏదో ఒకటి చెప్పిపో.”

నేను రెండూ చెప్పక, ఈ అర్జీకి కాగితము కొనుక్కొని వచ్చితిని.

ఇప్పుడు అడుగుచున్నాను. యోసేపు ఇంకా రాని కరువు కోసము ఐగుప్తులో ధాన్యము కూడబెట్టినాడు. కరువు ఎక్కడుంది చూపించమని ఫరో అతని మీద కేసు పెట్టలేదు. పైగా ఉంగరము తొడిగినాడు. రాబోవు కరువును తెల్లగుడ్డ మీద చూపించినది తామే గదా! ఆ కరువు నిజమైతే, దానిలో పుట్టబోవు బిడ్డలు బోగస్ ఎట్లయినారు? బిడ్డలు బోగస్ అయితే, మీ సినిమా ఏమి?

7. కావున తమరు దయతలచి బొమ్మలన్నిటిని మా ఊరికి చేర్పించవలెను. కేసుకు సాక్ష్యము కావాలనుకుంటే పెద్దవాటిని ఉంచుకొని, నడుము ఎత్తు లేని ఆ ఒక్కదానిని ఇప్పించవలెను. అదీ కుదరదంటే, అవి తమ కస్టడీలో ఉన్నంత కాలము వాటి బిందెల్లోని వేపమొక్కలకు రోజూ దోసెడు నీళ్లు పోయించవలెను. ఎడారిలో నీళ్లతిత్తి ఖాళీ అయినప్పుడు, బిడ్డ చావు చూడలేక హాగరు దూరముగా పోయి కూర్చున్నది. తమకంత దూరము పోవలసిన పని లేదు. మొక్కలు కిటికీ అవతలనే ఉన్నవి.

పై సంగతులన్నీ చిత్తగించవలెను. ఒక్క ఘడియ ఎండలో నిలబడి చిత్తగించిన యెడల మరీ మేలు.

ఇట్లు,
తమకూ, తమపైవానికీ విధేయుడు,
గాబ్రియేలు

తాజా కలం: ఈ అర్జీ మడవబోతుండగా ఎస్తేరు వచ్చి పిలుచుకుపోయినది. ఈ పొద్దు టాంకరు లేదు. అయినా జీవమ్మ బండ దగ్గర, వరుస చివర, ఆ చిన్నది నిలబడిన గుర్తు మీదనే నిలబడి ఉన్నది. కొంగు నిండా కప్పుకొన్నది. చంకన ఖాళీ బిందె. పిలిస్తే పలకలేదు. “ఇంటికి రాయే” అని చేయి పట్టితే, “దాని వంతు పోతాది” అని మాత్రము అన్నది. లేఖనములలో లోతు అనువాని భార్య వెనుకకు చూసి ఉప్పుస్తంభమైనది. నా భార్య ముందుకు చూసి అయినది. గొడుగు తెచ్చి పక్కన నిలబడి ఈ నాలుగు ముక్కలు వ్రాయుచున్నాను. తమ ట్రాక్టరు మరల ఈ దారిన వచ్చిన యెడల, అయ్యా, కాళ్లు పట్టుకుంటాను, ఎక్కించేముందు ఒక్కసారి జీపు దిగి చూడమని చెప్పండి. ఈమె మనిషి.