కుర్చీ వద్దమ్మా

మార్కాపురం, ఆదివారం.

చి.సౌ. కన్యకకు నాయన పుల్లారావు నిండు దీవెనలు. నా గురించి దిగులు పడొద్దు, నేను హుషారుగా ఉన్నాను.

బుడ్డోడి అక్షరాభ్యాసం నాడు వాణ్ని ఒళ్లో పెట్టుకుని కింద కూర్చోలేనేమోనన్న బాధతో మొదలుపెట్టిన వేడి యోగా ఒక్కపూట కూడా మానలేదు తల్లీ. మీ హైదరాబాదులో హీటర్లతో గది వేడి చేస్తారంటివి. ఇక్కడ మన పలకల షెడ్డు రేకులు పొద్దెక్కగానే ఆ పని చేసిపెడుతున్నాయి.

మొన్న ఆసనాలు ముగించి, చెమటతో తడిసి, శవాసనంలో కళ్లు మూసుకుని ఉన్నాను. మజ్జిగ తెచ్చిన మీ అమ్మ నేను సొమ్మసిల్లినాననుకుని బిందెడు నీళ్లు నెత్తిన కుమ్మరించింది.

"ఇది కూడా యోగానేలే తులసీ" అన్నాను.

"పిలిచినా కళ్లు తెరవని యోగా ఏందయ్యా? నా పానం పోయింది" అని తిట్టింది.

ఆ తిట్లు వింటూ, చెయ్యి నేలకు ఊనకుండా బాసింపట్టు వేసుకుని కూర్చున్నానమ్మా. మోకాళ్లు పట్టేసిన ఇన్నేళ్లకు అదే మొదలు. మీ అమ్మ తిట్టడం ఆపి మజ్జిగ చేతికిచ్చింది. నా సంతోషం ఈ కార్డులో పట్టడం లేదు.

బుడ్డోడికి దగ్గు తగ్గిందా? అల్లుడుగారికి గోంగూర పచ్చడి అయిపోయి ఉంటే ఫోన్ చెయ్యి. యోగా చాప చినిగింది, ఇంకొకటి పంపు. పలక మాత్రం కొనొద్దు, మన రాతితో నేనే చట్రం బిగించి తెస్తాను. నాకు కుర్చీ వేయిస్తానంటివి, అదీ వద్దు. వాడు తాత ఒళ్లోనే కూర్చుని దిద్దుతాడు.

అందరికీ మా ఆశీస్సులు.

మీ నాయన