అమ్మమ్మ బెంచీ మీద దిద్దాల్సిన మాట

ఒక అచ్చాఫీసులో నలభై ఒక్క సంవత్సరాలు ప్రూఫులు దిద్ది, ప్రస్తుతం మందుల షాపు పైనున్న ఒంటిగదిలో అద్దెకుంటున్న, డెబ్బై ఎనిమిదేళ్ళ నేను, మనసు నిలకడగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా చేతిరాతతో రాస్తున్న వీలునామా ఇది. నా బుర్ర సరిగ్గా ఉన్నదని డాక్టరు ఇచ్చిన చీటీ జతచేశాను. అందులో రెండు తప్పులుంటే ఎర్రసిరాతో దిద్దాను. బుర్ర పనిచేస్తున్నదనడానికి చీటీకన్నా ఆ దిద్దుబాటే గట్టి రుజువు.

ఇంతకుముందు నేను వీలునామా రాయలేదు. రాయడానికి ఆస్తి లేదు. ఇప్పుడూ లేదు. ఒక తప్పు మాత్రం ఉంది. అది ఇరవై ఏళ్ళుగా పార్కులో, అందరి కళ్ళెదుట, రాతిమీద ఉంది. దాన్ని దిద్దకుండా పోవడం నా వృత్తికే తలవంపు.

1. దీన్ని అమలుపరిచే బాధ్యత మా లాయరుగారిది. “ఒక పేజీలో తేల్చెయ్యండి సార్, చాలు” అన్నారాయన. ఆయన పంపే నోటీసులు నేను చదివాను. క్లుప్తత గురించి ఆయన దగ్గర నేర్చుకోవలసింది నాకేమీ కనపడలేదు.

2. నా పుస్తకాలన్నీ పార్కు పక్కనున్న గ్రంథాలయానికి చెందాలి. అక్కడి లైబ్రేరియన్ పదకొండేళ్ళ కిందట, నేనొక అచ్చుతప్పును పెన్సిలుతో దిద్దుతుంటే, నలుగురిలో, “పెద్దాయనా, పుస్తకం మీ సొంతమా?” అని అడిగాడు. ఇవి నా సొంతం. ప్రతి పుస్తకంలోనూ దిద్దాను, అదీ పెన్నుతో. వీటిలో ఒక్క దిద్దుబాటు కూడా చెరపకుండా అల్మారాలో పెట్టాలన్నది షరతు. పెట్టేటప్పుడు ఆయన మొహం చూసే అదృష్టం నాకు లేదు. ఈ వీలునామా మొత్తంలో నన్ను బాధపెట్టే సంగతుల్లో ఇది రెండోది.

3. నా చెవి మిషను పక్కగది రిటైర్డ్ బ్యాంకు మేనేజరుకు చెందాలి. ఆయన చెవులు భేషుగ్గా ఉన్నాయి. అయినా పెట్టుకుని, రోజూలాగే స్పీకరు వేసి, అల్లుడితో ఒక్కసారి ఫోను మాట్లాడాలి. పదిహేనేళ్ళుగా నేను పడ్డది అప్పుడు అర్థమవుతుంది.

4. ఇక మా అమ్మమ్మ వస్తువు సంగతి. వస్తువు ఒక్కటే, కాని దాని విలువ తెలియాలంటే మనిషి తెలియాలి.

అమ్మమ్మ తొంభై ఆరేళ్ళు బతికింది. డాక్టర్లకు మాత్రం ఎనభై రెండనే చెప్పేది. మా తాతయ్యది గొడుగులు బాగుచేసే కొట్టు. ఆయన ఒకనాడు గొడుగు పుల్లలు కొనుక్కొస్తానని వెళ్ళాడు. ఇంకా రాలేదు. ఆ రోజు కుండపోత వాన. “పోతే పోయాడు, గొడుగన్నా తీసుకెళ్ళలేదు మహానుభావుడు” అనేది అమ్మమ్మ. ఆయన గురించి అంతకుమించి ఒక్క మాట అనగా నేను వినలేదు. కాని అప్పటినుంచి గడప దాటే ప్రతి మనిషినీ, వానైనా ఎండైనా, గొడుగు తీసుకెళ్తున్నావా అని అడగందే వదిలేది కాదు.

తాతయ్య వెళ్ళిన వారానికి, కొట్టులో మిగిలిన గొడుగు ఒకదాన్ని పూర్తిగా విప్పి, మళ్ళీ బిగించి, మళ్ళీ విప్పి, పదిహేనుసార్లు అలా చేసి పని నేర్చుకుంది. నేర్చుకున్నాక ఒక పద్ధతి పెట్టింది. బాగుచేసిన గొడుగును ఊరికే చేతికివ్వదు. దాని సొంతదారు కొట్టు ముందు గొడుగు విప్పి నిలబడాలి. అమ్మమ్మ స్టూలెక్కి, మొక్కలకు నీళ్ళుపోసే రేకు డబ్బాతో పైనుంచి గుమ్మరిస్తుంది. చుక్క కారకపోతే ఇంటికి, కారితే మళ్ళీ కొట్లోకి. ఒకసారి ఒక జడ్జిగారు నిలబడ్డారు. చుక్క సరిగ్గా ముక్కుమీద పడింది. “కదలకండి బాబూ, ఎక్కణ్ణుంచి కారిందో చూడనివ్వండి” అంటూ ఇంకో డబ్బా పోసింది. ఆ జడ్జిగారు తర్వాత కోటు లేకుండా వచ్చేవారు.

మా అమ్మా నాన్నా ఒకే ఏడాది పోతే, ఏడేళ్ళ నన్నూ నాలుగేళ్ళ తమ్ముణ్ణీ ఆ కొట్టు వెనకగదిలో పెంచింది. నేను పెద్దాణ్ణి, వాడు చిన్నాడు. మాకు వేరే పేర్లున్నాయని బళ్ళో చేరిన రోజే తెలిసింది. వాడికి గొడుగుల పని అబ్బింది. నాకు పుస్తకాలు అబ్బాయి. కస్టమర్లు మర్చిపోయిన గొడుగులకన్నా నేను మర్చిపోయినవే ఎక్కువని అమ్మమ్మ లెక్క. ఎనభయ్యో ఏట మొదటిసారి కళ్ళజోడు పెట్టుకుని, గదంతా కలయజూసి, “ఇదేంట్రా, గోడ పచ్చదా! ఇన్నాళ్ళూ తెల్లదనుకుని కాపురం చేశానే!” అని పకపకా నవ్వింది. తర్వాత నా మొహం చూసి నవ్వాపుకుంది. కారణం నేనడగలేదు.

ఆ రేకు డబ్బా నా దగ్గరుంది. కోపంతో ఇల్లు వదిలినప్పుడు చేతికందింది పట్టుకొచ్చాను. నా తమ్ముడు ఇరవై ఏళ్ళుగా ప్లాస్టిక్ మగ్గుతో పోస్తున్నాడట. ఇది అన్యాయం. డబ్బా నా తమ్ముడికి చెందాలి.

5. కోపం ఎందుకొచ్చిందో ఇక్కడ రాయక తప్పదు.

అమ్మమ్మ పోయినప్పుడు నేను పక్కన లేను. తమ్ముడు ఉన్నాడు. మరుసటి ఏడాది పార్కులో ఆమె పేర ఒక రాతి బెంచీ వేయించాను. దానిమీద ఆమె చివరిమాట చెక్కించాను: “జీవితం వాన కాదు, వాన వెలిసిన తర్వాతి వెలుగు.” ఆ మాట నాది. నాలుగు రోజులు కష్టపడి రాశాను. “తర్వాతి” కొట్టేసి, మళ్ళీ పెట్టాను.

బెంచీకి ముసుగు తీసిన రోజు, వచ్చినవాళ్ళంతా తలలాడిస్తుంటే, తమ్ముడు గట్టిగా అన్నాడు: “అన్నయ్యా, అమ్మమ్మ ఆ మాట అనలేదు. వాన వెలిస్తే మనం కొట్టు కట్టేసుకోవాలి. ఆవిడెందుకంటుంది?”

జనం నవ్వారు. నేను నవ్వలేదు. “మరేమందిరా?” అన్నాను. “పెద్దాడు గొడుగు తీసుకెళ్ళాడా అంది. అదే ఆఖరు” అన్నాడు. “ఎర్రటి ఎండలో పోయిన మనిషి గొడుగు మాటెత్తిందా? కొట్టు తప్ప లోకం తెలీదు నీకు. అబద్ధాలకోరువి” అని అందరి ముందూ అనేసి, ఇంటికెళ్ళి పెట్టె సర్దుకున్నాను.

6. నా తమ్ముడు అబద్ధమాడలేదు. ఆ సంగతి నాకు ఆనాడే తెలుసు.

అమ్మమ్మ పోయిన రోజు మధ్యాహ్నం, ఆమె నిద్రపోతోంది. గ్రంథాలయానికి వెళ్ళాలి. చెబితే గొడుగు అంటుంది. యాభై ఏడేళ్ళ మనిషిని, ఎండలో, ఆ ప్రశ్నకు మళ్ళీ జవాబు చెప్పాలి. చెప్పులు చేత్తో పట్టుకుని దొంగలా బయటపడ్డాను. నా గొడుగు గది మూలనే ఉంది. తిరిగొచ్చేసరికి అది వీధి మెట్ల దగ్గర, గోడకు ఆనించి ఉంది. గొడుగు తనంతట తాను నడిచి రాదు. ఆమెకు మెలకువొచ్చి నా గురించి అడిగి ఉంటుంది. తీసుకెళ్ళాడని తమ్ముడు చెప్పి, మూలనున్న గొడుగు ఆమె కంటపడకుండా బయట పెట్టి ఉంటాడు. మెట్ల మీద నిలబడి అంతా ఒక్క చూపులో చదివేశాను. చదవడం నా వృత్తి. చదివింది ఒప్పుకుంటే, ఆమె నాకోసం చూసిందనీ, నేను చెప్పకుండా జారుకున్నాననీ ఒప్పుకోవాలి. అందుకని ఇంకో వాక్యం రాశాను.

కాబట్టి బెంచీమీది మాటలు చెరిపించి, “పెద్దాడు గొడుగు తీసుకెళ్ళాడా?” అని చెక్కించాలి. కింద ఎవరి పేరూ అక్కర్లేదు.

7. నా గొడుగు ఎవరికీ ఇవ్వడం లేదు. నేనింకా బతికే ఉన్నాను.

8. సాక్షులు ఇద్దరుండాలి. ఒకరు కింది మందుల షాపాయన. రెండో సాక్షిగా రమ్మని తమ్ముడికి కార్డు రాశాను: “సాక్షి కావాలి. వీలైతే రా.” సాక్షి సంతకం పెట్టినవాడికి వీలునామాలో ఏదీ రాకూడదని లాయరుగారంటున్నారు. అంటే వాడు రాకపోతే డబ్బా వాడిది. వస్తే వాడికి దక్కదు, అప్పుడది వాడి కూతురికి చెందాలి. ఏది కావాలో వాడి ఇష్టం. నాకేది కావాలో ఇక్కడ రాయను.

అనుబంధం. పై భాగం రాసి పదిరోజులైంది. ఇవాళ పదకొండు గంటలకు తమ్ముడొచ్చాడు. మెట్లెక్కి, ఆయాసం తీర్చుకుని, మంచినీళ్ళు కూడా అడక్కుండా మొత్తం చదివాడు. “తాతయ్య వెళ్ళింది పుల్లలక్కాదు, గుడ్డకి” అన్నాడు. దిద్దడానికి పెన్ను తీశాను. “ఉండనీలే అన్నయ్యా, నీది కూడా ఒక తప్పు ఉండనీ” అన్నాడు. తర్వాత డబ్బా తిరగేసి అడుగు చూసి, “తుప్పు పట్టించావు కదయ్యా!” అని నన్ను చెడామడా తిట్టాడు. ఇరవై ఏళ్ళ తిట్లు బాకీ ఉన్నాయి కనుక అడ్డుపడలేదు. ఆరో అంశం ఉన్న పేజీ దగ్గర మాత్రం కళ్ళజోడు రెండుసార్లు తుడుచుకున్నాడు. డబ్బా వాడి కూతురికే.

2026 మార్చి 9, సోమవారం. ఎండ మండిపోతోంది.

(సంతకం)
పెద్దాడు

సాక్షులు:
1. మందుల షాపు యజమాని. చదవకుండానే సంతకం పెట్టారు. మందుల చీటీలూ ఇలాగే చూస్తారేమోనని నా అనుమానం.
2. చిన్నాడు, గొడుగుల కొట్టు. వెళ్ళేటప్పుడు నేను అడిగాను. తెచ్చుకోలేదన్నాడు. నా గొడుగు ఇచ్చి పంపాను. తిరిగి తెచ్చివ్వాలి.