చిన్నోడి షాపు, నా పార్శిల్

మా ఆవిడకి,

ఆశీస్సులు అని మొదలుపెడితే నవ్వుతావు. నమస్కారం అని మొదలుపెడితే ఏదో చేసేశానని కనిపెట్టేస్తావు. కాబట్టి నేరుగా క్షేమ సమాచారంలోకి దిగుతున్నాను. ఇక్కడ నేనూ, కుట్టుపనికి వచ్చే అమ్మాయిలిద్దరూ, మిషన్లూ బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, మోకాలి ఆపరేషన్ అయిన మీ అక్కయ్యా కులాసాగా ఉన్నారని తలుస్తాను. వదిన కర్ర లేకుండా నడుస్తోందని రాశావు. చాలా సంతోషం. ఆవిడ చేతిలో కర్ర ఉన్నన్నాళ్లూ నేను అటు రాకపోవడమే మంచిదైంది.

ఇంత రాసే బదులు ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. ఫోన్‌లో నేను ఒక మాట ఎత్తుకుంటే దాని తోక పట్టుకుని నువ్వు ఇంకెటో లాక్కుపోతావు. ఉత్తరంలో నాకు ఎదురు లేదు.

నువ్వడిగిన వాటికి జవాబులు. భోజనం వేళకే చేస్తున్నాను. ఒక గిన్నె అడుగంటింది, ఏ గిన్నె అని మాత్రం అడక్కు. పెరట్లో కుళాయి ఇంకా కారుతోందా అన్నావు. కారడం లేదు. నేను మరమ్మతు చేసిన దగ్గర్నుంచి అందులో నీళ్లు రావడమే లేదు. కంప్యూటర్ ఇంకా నత్తనడకేనా అన్నావు. కాదు, ఇప్పుడు పరుగే. అలా ఎందుకు పరిగెడుతోందో కాస్త ఆగి రాస్తాను.

చిన్నోడు ఇంటికి వస్తున్నాడా అని ప్రతి ఉత్తరంలోనూ అడుగుతున్నావు. ఇన్నాళ్లూ ఆ వాక్యం నా కంట పడనట్టే దాటేశాను. ఈసారి దాటెయ్యను. వచ్చాడు. నిన్న ఒక్కరోజే రెండుసార్లు వచ్చాడు.

నీ తమ్ముడికి వయసు యాభై దాటింది, పొట్ట గుండీలు దాటింది, అయినా మనకు చిన్నోడే. వాడి కంప్యూటర్ సామాన్ల షాపులో మా ఇద్దరికీ ఎందుకు చెడిందో నువ్వు వాడి నోట విన్నావు. నా నోట వినలేదు. ఆరోజు నేను ఒక కీబోర్డు కోసం వెళ్లాను. వాడు ధర చెప్పాడు. నేను జేబులోంచి ఫోన్ తీసి, అదే కీబోర్డు ఆన్‌లైన్‌లో ఎంత తక్కువకి వస్తోందో చూపించాను. వాడికి చూపించి ఊరుకుంటే సరిపోయేది. షాపులో నిలబడ్డ వాళ్లందరికీ తిప్పి తిప్పి చూపించాను. ఒకాయన చేతిలో ఉన్న సరుకు కౌంటర్ మీద పెట్టేసి మెల్లగా మెట్లు దిగాడు.

“అయితే ఆ ఫోన్‌నే వచ్చి బిగించిపెట్టమను బావా,” అన్నాడు చిన్నోడు.

“బిగించడం నాకు కొత్తేమిట్రా? నువ్వు నిక్కర్లేసుకునే రోజుల్లోనే నేను ఫ్యాక్టరీలో ఫిట్టర్‌ని,” అన్నాను.

అంతే. అప్పట్నుంచి వాడు మన గడప తొక్కలేదు. నేను వాడి వీధిలోకి కూడా పోకుండా చుట్టూ తిరిగి బజారుకి వెళుతున్నాను. దాని వల్ల కాళ్లకి మంచి వ్యాయామం అయిందనుకో.

ఇక అసలు సంగతి. బళ్లు తెరిచే రోజులు దగ్గరపడ్డాయి. యూనిఫాంల కోసం అమ్మాయిలు నీ నమూనాలు ఒక్కొక్కటీ కంప్యూటర్‌లో తెరిచి, కాగితం మీద తీసుకుని, గుడ్డ కత్తిరించుకోవాలి కదా. ఆ పెట్టె ఎంత మెల్లగా తెరిచేదంటే, “బాబాయిగారూ, ఒక కాలరు కనబడేలోగా ఇంకో చొక్కాకి గుండీలు కుట్టేస్తున్నాం,” అన్నారు. లోపల మెమరీ ఇంకాస్త పెడితే వేగం పెరుగుతుందని చదివాను. మెమరీ అంటే పెద్ద వస్తువేం కాదు, చీరె అంచు ముక్కంత పచ్చటి పట్టీ. లోపల గాడిలో నిలువుగా కూర్చుంటుంది.

చిన్నోడి షాపు ఉంది. వెళ్లడానికి మొహం లేదు. ఫోన్ తెరిచాను. ఇంట్లో కూర్చుని బజారంతా తిరగడం ఎంత హాయిగా ఉందనుకున్నావు! బేరం ఆడక్కర్లేదు, చెప్పులు వేసుకోనక్కర్లేదు, ముఖ్యంగా బావమరిది మొహం చూడక్కర్లేదు. కొన్నవాళ్ల అభిప్రాయాలన్నీ శ్రద్ధగా చదివాను. ఒకాయన అయిదు నక్షత్రాలూ వేసి, “ఇంకా వాడలేదు, డబ్బా చాలా బాగుంది,” అని రాశాడు. ఒకావిడ తనకు మెమరీ నచ్చింది కానీ తెచ్చినతను గేటు వెయ్యకుండా పోయాడని ఒకే నక్షత్రం వేసింది. ఇంత లోకజ్ఞానం ఏ షాపులో దొరుకుతుంది? ధైర్యంగా ఆర్డరు పెట్టేశాను. రెండోనాడే పార్శిల్ వచ్చింది. డబ్బా నిజంగానే బాగుంది.

ఇక్కడిదాకా రాసి, లేచి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చాను.

కంప్యూటర్ మూత విప్పి చూస్తే ఆ పట్టీ గాడిలో కూర్చోదే! పట్టీకి అంచున ఒక గాటు ఉంటుంది, గాడిలో దానికి ఎదురుగా చిన్న దిమ్మ. ఆ రెండూ కలవాలి. మన పెట్టెలో దిమ్మ ఒకచోట ఉంటే, వచ్చిన పట్టీకి గాటు వేలి గోరంత పక్కన ఉంది. ఇంకొకరైతే ఇది మనది కాదని అక్కడితో ఆగిపోతారు. నేను ఫిట్టర్‌ని. జీవితమంతా కూర్చోని వస్తువుని కూర్చోబెట్టడమే నా ఉద్యోగం. అరవై పాళ్లు కూర్చున్నదాన్ని నూరు పాళ్లు చెయ్యడానికి ఫ్యాక్టరీలో నాకు జీతమిచ్చారు. అలమారలోంచి ఆకురాయి తీశాను.

అవును. అరగదీశాను. నీ కంప్యూటర్‌లోకి వెళ్లే మెమరీకి ఆకురాయితో ఇంకో గాటు పెట్టాను. పనితనం మాత్రం చూడాలి, అంచు అద్దంలా వచ్చింది. పట్టీ గాడిలోకి వెన్నలా దిగింది. అమ్మాయిలు చప్పట్లు కొట్టారు. స్విచ్ వేశాను. చిటుక్కుమంది. కాలిన వాసన వచ్చింది. తర్వాత ఎన్నిసార్లు నొక్కినా ఆ పెట్టెలో ఉలుకూ లేదు, పలుకూ లేదు.

అప్పుడు గుర్తొచ్చింది, నువ్వు ఇన్నేళ్లుగా గీసి దాచుకున్న నమూనాలన్నీ ఆ పెట్టెలోనే ఉన్నాయని. వాటికి ఇంకో ప్రతి తీసిపెట్టమని నువ్వు నాకు చెప్పి ఊరెళ్లావు. నేను తియ్యలేదు. అక్కడే గుడ్డముక్కల మీద కూర్చుండిపోయాను. నువ్వు తిడతావని కాదే. తిట్టవని. ఒక్క మాట అనకుండా కళ్లజోడు పెట్టుకుని మొదటి గీత నుంచి మళ్లీ గియ్యడం మొదలుపెడతావు. ఆ వీపు చూస్తూ నేను ఈ ఇంట్లో ఎలా తిరగను?

మెమరీని వాపసు తీసుకోమన్నాను. పార్శిళ్లమ్మాయి వచ్చి దాన్ని వెలుతురులో పెట్టి చూసింది.

“తాతగారూ, దీన్ని ఎలక కొరికిందండీ.”

“ఎలక కాదమ్మా, నేనే.”

ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసి, “కొరికినవి తీసుకోవండీ,” అని, గేటు వేసి మరీ వెళ్లింది.

ఇక పెట్టెని రిక్షాలో పెట్టుకుని, ఒళ్లో పసిబిడ్డలా పట్టుకుని, ఇన్నాళ్లూ తప్పించుకు తిరిగిన ఆ వీధిలోకే వెళ్లాను. చిన్నోడు నన్ను చూశాడు, పెట్టెని చూశాడు, కౌంటర్ తలుపు తీశాడు. జరిగింది చెప్పాను. ఆకురాయి అనగానే వాడి చేతిలోంచి స్క్రూడ్రైవర్ జారిపోయింది.

“బావా, రంపం దొరకలేదా?”

“నవ్వుతావేమిట్రా, మీ అక్క గీసినవన్నీ ఇందులోనే ఉన్నాయి.”

వాడి నవ్వు ఆగిపోయింది. అవి దాచి ఉంచే లోపలి డిస్కు విప్పి, ఇంకో కంప్యూటర్‌కి తగిలించి, కుర్చీ నావైపు జరిపాడు. “నువ్వే తెరువు. నాకు భయంగా ఉంది,” అన్నాడు. ఇద్దరు ముసలాళ్లం ఒక తెర ముందు తలలు ఆనించి కూర్చున్నాం. చిన్నపిల్లల గౌను మీద నొక్కాను. మొదట మెడ వచ్చింది. తర్వాత భుజాలు, చేతులు, నడుము దగ్గర నువ్వు పెట్టే ఆ చుక్కల గీత. చిన్నోడు నా వీపు మీద ఒక్కటి చరిచాడు. ఇంకా నొప్పిగానే ఉంది, ఎవరికీ చెప్పకు.

కాలింది మెమరీ, అది కూర్చునే బోర్డూ. డిస్కుకి ఏమీ కాలేదు. తన దగ్గరున్న పాత బోర్డు వేస్తానన్నాడు. మన పెట్టె పాత రకం, దానికి తగ్గ మెమరీ మాత్రం తెప్పించాలన్నాడు. తెప్పించాలని ఫోన్ తీసి వాడేం చేశాడో తెలుసా? నేను కొన్నచోటే ఆర్డరు పెట్టాడు!

“ఒరేయ్, దొంగా! మరి నన్నెందుకురా అన్నావు?”

“పాత రకం నీకొక్కడికే కావాలి బావా, షాపులో పెట్టుకుని నేనేం చేసుకోను? నువ్వు అక్కడ కొన్నందుకు కాదు నాకు కష్టమైంది. నా షాపులో నిలబడి, నా గిరాకీల ముందు నన్ను దొంగని చేశావు.”

తప్పేరా అన్నాను. వాడు ఫ్యాన్ నావైపు తిప్పాడు. మా రాజీ అంతే, కాగితాలు రాసుకోలేదు.

నిన్న పొద్దున మెమరీ రాగానే వాడే ఇంటికొచ్చి బిగించాడు. నన్ను టార్చి పట్టుకోమన్నాడు, దేన్నీ ముట్టుకోవద్దన్నాడు. సాయంత్రం మళ్లీ వచ్చి నీ నమూనాలన్నిటికీ ప్రతి తీయించాడు. “అక్కకి నేను చెప్పను, నువ్వే రాయి,” అని షరతు పెట్టాడు. వాడు తర్వాత నా పళ్లెంలోంచే తిని, నా వంట బాగా లేదని చెప్పి వెళ్లాడు.

నువ్వు రాగానే కాళ్లు కడుక్కోకుండా కంప్యూటర్ దగ్గరికే వెళతావని తెలుసు. వెళ్లు. గౌన్లు, చొక్కాలు, లాగులు అన్నీ ఒక్కొక్కటిగా తెరిచి చూశాను. ఒక్క గీత పోలేదు. అమ్మాయిలు పక్కగదిలో కుడుతున్నారు, ఆ చప్పుడు వింటూ రాస్తున్నాను. వదినకి నా నమస్కారాలు. తిట్టాలనిపిస్తే మాత్రం దాచుకోకుండా తిట్టు.

ఇట్లు,
నీ తమ్ముడికి మళ్లీ బావ